కావడి బుట్టలో రాయి

మొన్న మనవరాలితో జీపులో పాడేరు ఘాటీ దిగుతున్నాను. పిల్ల ఒళ్ళో ఫిజిక్సు గైడు పెట్టుకుని, మలుపు మలుపుకీ నా మీద పడుతూ, మర్నాటి పరీక్షకి సూత్రాలు వల్లె వేస్తోంది. పుస్తకంలో తులాదండం, అదే లీవరు బొమ్మ కనబడేసరికి నాకు నవ్వాగలేదు. డెబ్బై దాటిన ముసలిది ఎందుకు నవ్విందో జీపులో ఎవరికి తెలుస్తుంది? నా ఈడువాళ్ళు మీరైతే అర్థం చేసుకుంటారని చెబుతున్నాను.

పందొమ్మిది వందల ఇరవైల నాటి మాట. మా నాన్న ఘాటీ పైనున్న గూడెంలో మిషన్ బడి పంతులు. నేను కింద పట్నంలో హాస్టలులో ఉండి ఫిఫ్తు ఫారం చదివేదాన్ని. ఆడపిల్లలంతా కుట్టుపని తీసుకుంటే, నేనొక్కదాన్నీ మగపిల్లలతో కలిసి ఫిజిక్సు చదువుతానని పట్టుబట్టాను. పెద్దమాస్టారు సరేనన్నారు గాని, క్రిస్మసు సెలవులయ్యాక పెట్టే పరీక్షలో తప్పితే మారు మాటాడకుండా కుట్టుమిషను ముందు కూర్చోవాలని షరతు పెట్టారు. సూదిలో దారం ఎక్కించడమంటేనే నాకు ఏడుపు.

అంత పంతం పట్టినదాన్ని సెలవుల్లో చదివానా అంటే, లేదు. పాటలతోనూ పిండివంటలతోనూ రోజులు గడిచిపోయాయి. తీరా బయలుదేరే నాడు చూసుకుంటే లీవరు పాఠం మొత్తం అలాగే ఉంది. బరువునీ దూరాన్నీ హెచ్చవేస్తే రెండు వైపులా సమానం కావాలని చిలకలా అప్పజెప్పగలను, అర్థం మాత్రం సున్నా.

నా సామానుకి మావ కావడి కట్టాడు. చుట్టరికం లేదు, గూడెంలో అందరికీ ఆయన మావే. ఒక వైపు నా పుస్తకాల ట్రంకుపెట్టె, రెండో వైపు చోడిపిండీ, అదే రాగిపిండీ, విస్తళ్ళు కుట్టే అడ్డాకుల కట్టా ఉన్న బుట్ట. పాపం, ఒక వైపే బరువైతే ఎలా మోస్తాడని నాకు జాలి పుట్టి, ఎవరూ చూడకుండా ఆకుల కింద ఇంత రాయి పెట్టేశాను. పుణ్యం చేశాననే అనుకున్నాను.

పొద్దున్నే మంచులో నాన్న ముందు, మావ మధ్య, పుస్తకం తెరుచుకుని నేను వెనక. రెండుసార్లు బోర్లా పడ్డాను. మొదటి వాగు దగ్గర మావ కావడి దించి బుట్ట సర్దబోతే రాయి బయటపడింది.

“ఏటిది? ఈ రాయెవులెట్టినారు?”

నాన్న తెల్లమొహం వేశారు. నేను పుస్తకంలో తల దూర్చాను. మావ దాన్ని వాగులోకి విసిరేసి, “బరువెటుంటే బుజం అటు జరిపితే సరిపోద్ది గదా, రాయెందుకు?” అని గొణుక్కుంటూ పెట్టె వైపుకి భుజం జరుపుకుని లేచాడు.

అప్పుడు చూశాను. భుజం నుంచి పెట్టె వైపు కావడిబద్ద పొట్టి, బుట్ట వైపు పొడుగు, కావడి మాత్రం ఎటూ ఒరగకుండా నిలిచింది! నేను పెట్టిన గావుకేకకి పాము కరిచిందేమోనని నాన్న వెనక్కి పరుగెత్తుకొచ్చారు. జానలతో కొలిచాను. పెట్టె వైపు రెండు, బుట్ట వైపు నాలుగు. అంటే పెట్టె బుట్టకి రెండింతల బరువు! ఇంక ఊరుకుంటానా? పిండిమూట ఇటు నుంచి అటు మార్చి ఒకసారి, రెండు పుస్తకాలు బుట్టలో పడేసి ఒకసారి, ఆగిన చోటల్లా కొలతలే. “బేగి నడు గుంటా, పొద్దుగూకిపోతది” అని విసుక్కుంటూనే మావ నేనడిగినప్పుడల్లా కావడెత్తి నిలబడ్డాడు. కొండ దిగేసరికి నాకు సంతోషంతో కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

మర్నాడు ప్రశ్నపత్రంలో లీవరు వచ్చింది. పుస్తకంలో బొమ్మ గుర్తు రాలేదు. కావడి మోసే మనిషిని తలపాగాతో సహా వేసి, జానల లెక్క రాసిచ్చాను. వారం పోయాక పెద్దమాస్టారు ఆ కాగితం క్లాసులో చూపించి, ఈ తలపాగా ఆయనెవరని అడిగితే మగపిల్లలు గొల్లుమన్నారు. ఆయన మాత్రం నవ్వకుండా, ఒక కర్రా రెండు బుట్టలూ తెప్పించి, వాళ్ళందరికీ నన్నే పాఠం చెప్పమన్నారు. కుట్టుమిషను పీడ అలా వదిలింది.

వేసవిలో ఇంటికి వెళ్ళగానే మావ దగ్గరికి పరుగెత్తాను. పాసయ్యానని చెబితే, “అయితే ఈ తడవ బుట్టలో రాయెట్టవు గదా?” అన్నాడు. ఆయనకి ముందే తెలుసు! సిగ్గుతో పారిపోయాను.

ఆ తర్వాత ముప్పై ఏళ్ళు నేనే ఫిజిక్సు చెప్పాను. అప్పుడు రోజంతా దిగిన దారి ఇప్పుడు గంటలో దిగిపోతున్నాం, కావడి మోసే భుజాలకి విశ్రాంతి దొరికింది, మంచిదే. మొన్న మావ రాయి విసిరేసిన ఆ వాగు వంతెన మీద జీపు ఆపకుండా పోనిచ్చారు. కిందికి తొంగి చూస్తే అన్నీ రాళ్ళే. రాయి పెట్టింది నేనేనని నా నోటితో నేను ఒక్కసారైనా చెప్పకముందే మావ కన్నుమూశాడు.