మా అత్త తోటకూర ప్రచారం

మొన్న టీవీలో నలుగురు పెద్దలు చేరి, రాజకీయాల గాలి సోకని మనిషి ఏదో దేశానికి అధ్యక్షుడిగా నిలబడితే నెగ్గుతాడా అని గొంతులు చించుకుంటూంటే, రాజమండ్రిలో మూడో అంతస్తు ఫ్లాటులో కూర్చున్న నాకు మా మేనత్త గుర్తొచ్చింది.

నా ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, అప్పట్లో సర్పంచిని ప్రెసిడెంటు గారనే పిలిచేవాళ్ళం. గోదావరి గట్టు కింద మా చేపలవాళ్ళ పేటకి మంచినీటి కుళాయి లేదు. అడిగి అడిగి విసిగిపోయి, చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని వీధివీధీ తిరిగే అత్త, ఈసారి ప్రెసిడెంటుగా తనే నిలబడతానంది. పేటకి పెద్దయిన మా పెదనాన్న ఇంటిముందు అందరూ చేరారు. పేపరు చదవడం తప్ప వేరే పనిలేని బి.ఏ.ని గనక నన్నూ కూర్చోబెట్టారు. పార్టీ లేదు, జెండా లేదు, ఓట్లు చీలతాయి అంటూ గంటసేపు దంచాను.

అత్త బుట్ట దింపి, "అయిందా నాయనా? ఈ ఊళ్ళో ఏ గడపలో ఎవరున్నారో చెప్పు చూద్దాం" అంది. నాకు మా వీధే పూర్తిగా తెలియదు. ఆవిడ మాత్రం ఏ ఇంటి కోడలు నీళ్ళోసుకుందో, ఏ ముసలాయన మంచం పట్టాడో వరసగా చెప్పుకుపోయింది. ఎవరి మాటల బుట్టలోనూ పడని పెదనాన్న ఆ చేపల బుట్టలో పడబోయి తమాయించుకుని, "మరి నీసు తినని వీధి సంగతేంటే చెల్లెమ్మా?" అన్నాడు. ఆ గుమ్మాలు ఆవిడెప్పుడూ ఎక్కలేదు.

మర్నాడు పొద్దున్నే అదే బుట్టలో తోటకూర వేసుకుని ఆ వీధికి బయల్దేరింది. ఓడిపోయిన వాదన మూటగట్టుకుని వెనకాల నేను. ఎంత తోమినా ఆ బుట్టకి నీసు వాసన పోతుందా! ఒక్క కట్ట అమ్ముడుపోతే ఒట్టు. ఓ మామ్మగారు ముక్కు మూసుకుని, "ఏంటమ్మా, నీ తోటకూర గోదాట్లో ఈతకొట్టొచ్చిందా?" అంటే, "మేవిద్దరం మునిగేలాగే ఉన్నామండి, తమరే గట్టెక్కించాలి" అంది అత్త. వీధంతా నవ్వింది. నవ్విన ప్రతి గుమ్మం ముందూ ఆగి కుళాయి మాట చెప్పింది.

ఆ ఏడు ఓడిపోయింది. ఫలితం తెలిసిన మర్నాడే మళ్ళీ తోటకూర బుట్ట ఎత్తింది, పై ఎన్నికల దాకా దించలేదు. అప్పుడు నెగ్గింది, పేటకి కుళాయి వచ్చింది.

ఇప్పుడు ఓటడగడానికి ఫోనులో రికార్డు గొంతు వస్తోంది. మనం ఏమన్నా దానికి వినపడదు. అందుకు దాన్ని తిట్టే అర్హత నాకూ లేదు. ఎదురు ఫ్లాటులో ఎవరుంటారో నాలుగేళ్ళయినా తెలుసుకోలేదు. టీవీ కట్టేసి, చెప్పులేసుకుని వెళ్ళి ఆ తలుపు కొట్టాను. చేతిలో బుట్ట లేకుండా ఒకరి గుమ్మం ముందు నిలబడి ఏం మాట్లాడాలో మాత్రం అత్త నాకు నేర్పలేదు.