బర్రెలు నవ్వవు

డిగ్రీ చదివేటప్పుడు దబీర్‌పురాలో స్పోకెన్ ఇంగ్లీషు క్లాసుకు వెళ్లేదాన్ని. నేను లేచి నోరు తెరిస్తే చాలు, వెనక బెంచీ సుజాత పకపకా నవ్వేది. అందుకే అక్కడ నోరు తెరవడం మానేసి, మాదన్నపేటలో మా కొట్టంలో బర్రెలకే ఇంగ్లీషు ఉపన్యాసాలిచ్చేదాన్ని. ఓ సాయంత్రం స్త్రీవిద్య మీద ఊగిపోతూ వెనక్కి తిరిగితే, పాలకొచ్చిన మా ఇంగ్లీషు సారు గిన్నె పట్టుకొని నిలబడి ఉన్నారు!

"క్లాసుల నోరే తెరవవు. గిక్కడ గింత మంచిగ ఎట్ల మాట్లాడుతున్నవమ్మా?"

"బర్రెలు నవ్వయి సార్" అన్నాను, సిగ్గుతో చచ్చిపోతూ.

మర్నాడు సారు ఆ మాట క్లాసులో చెప్పేశారు. అందరూ పడీపడీ నవ్వారు, సుజాత మరీనూ.

ఆ సాయంత్రమే సుజాత మా గుమ్మంలో ప్రత్యక్షమైంది, చేతిలో గిన్నె లేకుండా.

"పాలకు రాలే. జర నన్ను గూడ మీ బర్రెలతోని మాట్లాడనియ్యవా?"

మా ఇద్దరిలో ఇంగ్లీషు ఎవరికెంత వచ్చిందో గానీ, ఎక్కువ విన్నది మాత్రం మా బర్రెలే.