ముడి వేయని పట్టాలు

ఈ ఉదయం ఆరూ పదికి పాత జంపఖానా దులిపాను. ఆ నూలు దుమ్ము వాసనకు మా నాయిన గుర్తుకొచ్చాడు.

వరంగల్‌లో మేము జంపఖానాలు నేసేవాళ్లం. యుద్ధం నుంచి సెలవు మీద వచ్చిన అన్న, తాను నడిపే పాత మిలిటరీ ట్రాక్టర్‌ను బొగ్గుతో గోడ మీద గీశాడు. చక్రాల చుట్టూ ఇనుప పట్టాలు.

"దీనికి తొవ్వతోని పనిలే. తన తొవ్వ తనే పర్సుకుంటది," అన్నాడు.

అయితే ఎంత దూరం నుంచైనా దాని మీదే మా గుమ్మం ముందుకు వస్తాడనుకున్నాను.

అన్న వెళ్లాక నాయినా నేనూ అడుగుకు అరంగుళం లెక్కన ఆ ట్రాక్టర్ బొమ్మ చేశాం. రేకు డబ్బాతో ఒళ్లు, దారపు రీళ్లతో చక్రాలు. పట్టాలు నాయిన మగ్గం మీద నేశాడు గానీ కొసలు కలపలేదు.

"అవి మీ అన్నొచ్చి ముడేస్తడు తియ్యి."

యుద్ధం ముగిసింది. పక్కింటి కొడుకు తిరిగొచ్చాడు. అన్న రాలేదు.

"ముడెయ్యకుంటే బండెట్ల నడుస్తది నాయినా? మనమే ఏద్దాం. అన్నొస్తడు," అన్నాను.

"ముడేస్తే ఇగ ఎవని కోసం సూడాలె బిడ్డా?"

నాయిన మొండివాడని కోపం వచ్చింది. అన్న రాడని ఆయనకు అప్పటికే తెలుసని చాలా ఏళ్లకు గానీ అర్థం కాలేదు.

ఆయన పోయేదాకా ఆ కొసలు అట్లాగే వేలాడాయి.

మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ నేయరు.