ఇంచిన్నర తక్కువైన జాకెట్టు

సూళ్లూరుపేట బజారు వీధిలో మా ఇంటి ముందుగదిలోనే నా కుట్టుమిషను. మామగారి కాలం నుంచీ మా ఇంట్లో మగవాళ్లు దర్జీలే. రంజాన్ వచ్చిందంటే లాల్చీలు, పైజామాలు కుట్టడానికి వాళ్లకు ఊపిరాడేది కాదు. ఆడవాళ్ల జాకెట్లు కుట్టడం మాత్రం నాకెవరూ నేర్పలేదు. ఫోనులో చూసి నేర్చుకున్నాను. అందుకే ఆ ఫోనును తిట్టాలంటే ఇప్పటికీ మనసొప్పదు.

మొదట్లో ఒకటి రెండు వీడియోలు చూసేదాన్ని. తర్వాత మెడల డిజైన్లకొక గ్రూపు, కటింగుకొక గ్రూపు, మగ్గం వర్కుకొకటి. ఎవరేది పంపినా దాచుకునేదాన్ని. చూసే తీరిక లేకపోయినా, చూడకపోతే వెనకబడిపోతానేమోనని భయం. మిషను తొక్కుతున్నా ఒక కన్ను ఫోను మీదే ఉండేది. సాయంత్రానికి కళ్లు మండేవి, మెడ పట్టేసేది. ఇంత చూస్తున్నా చేతికి కొత్తగా ఏమీ రావడం లేదని లోపల తెలుస్తూనే ఉండేది.

ఆ రోజుల్లోనే హైస్కూల్లో లెక్కలు చెప్పే టీచరమ్మ ఒకామె, చెల్లెలి కూతురి పెళ్లికి కట్టుకోబోయే పట్టుచీర జాకెట్టు ముక్క తెచ్చిచ్చింది. కొలతకు ఆది జాకెట్టు కూడా ఇచ్చింది. దాని ప్రకారం కత్తిరించి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. వీపు మెడ కొత్తగా పెడదామని వీడియో పెట్టుకుని కూర్చున్నాను. మధ్యలో గ్రూపుల నుంచి టింగుటింగుమని మెసేజీలు. అవి చూసి వచ్చేసరికి మొదటి వీడియో అయిపోయి, దానంతటదే వేరొకటి మొదలైంది. నేను గమనించలేదు. మెడ ఒకరు చెప్పినట్టు, చంక ఇంకొకరు చెప్పినట్టు గీసి కత్తెర వేశాను. ఆది జాకెట్టు పైన పరిచి చూస్తే చంక దగ్గర ఇంచిన్నర గుడ్డ తక్కువ. కత్తెర కింద పెట్టేశాను.

మర్నాడు బడి వదిలాక ఆమె వచ్చింది. ముక్కలు ముందు పెట్టి జరిగిందంతా చెప్పాను.

"తప్పయిపోయింది మేడం. ఇట్టాంటి గుడ్డ యాడున్నా వెతికి తెస్తా."

ఆమె ముక్కలు అటూ ఇటూ తిప్పి చూసి నా మొహం వైపు చూసింది. "గుడ్డ సంగతి తర్వాత. నీ కళ్లేంది అట్టా ఎర్రంగా ఉండాయి?"

"ఫోను చూసీ చూసీ" అంటుండగానే ఏడుపొచ్చేసింది.

ఆమె స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుంది. "నాదీ ఇదే బాధమ్మా. బళ్లో హాజరు ఫోన్లోనే, ఫోటోలు ఫోన్లోనే, ట్రైనింగులూ దాంట్లోనే. పాఠం మొదలుపెట్టేలోపే అలిసిపోతుండా. పోయిన ఎండాకాలం సెలవల్లో కూర్చోని, నాకు పనికొచ్చేవి ఏరుకోని మిగతావి తీసేసినా. నీ ఫోను తియ్యి, చూద్దాం."

నేను దాచుకున్న వీడియోలు ఎంత తోసినా అయిపోవడం లేదు.

"వీటిల్లో ఏది చూసి నిజంగా జాకెట్టు కుట్టినావో అదొక్కటి చూపించు" అంది.

వెతికితే నాలుగు తేలాయి. నాలుగూ ఒకావిడవే. ఆమె మొహం కూడా చూపించదు. ఖాకీ కాగితం మీద స్కేలు పెట్టి నిదానంగా గీస్తుంది, అంతే. టీచరమ్మ ఒకటి చివరిదాకా చూసింది.

"ఈమె ఎంత గీయాలో చెప్పి ఊరుకోలా, ఎందుకట్టా గీయాలో చెప్తా ఉంది. ఈమె పాఠాలు మొదట్నించీ వరసగా చూడు. చూసింది కాగితం మీద గీసినాకే ఇంకోటి తెరువు."

ఆమె ఎదుటే గ్రూపులన్నిటి నుంచీ బయటికొచ్చాను. కొలతలు రాసుకునే యాప్, బట్టలిచ్చేవాళ్లతో మాట్లాడే మెసేజీలు ఉంచుకున్నాను. కత్తెర పట్టే వేళ ఫోను బీరువాలో పెట్టేదాన్ని. మొదటి వారం చెయ్యి ఊరికే బీరువా వైపు పోయేది.

పట్టు జాకెట్టుకు మిగిలిన అంచు గుడ్డతో చంక కింద పట్టీ అతికాను. ఆమె తొడుక్కుని అద్దంలో చూసుకుని నవ్వింది. "చెయ్యెత్తితేగానీ కనపడదులే. పెళ్లిలో నేనేమన్నా చేతులెత్తి గంతులేస్తానా?" అదే తొడుక్కుని పెళ్లికి వెళ్లింది. తిరిగొచ్చి ఇంకో రెండు జాకెట్ల గుడ్డలు నా చేతిలో పెట్టింది. చెడగొట్టిన చేతికే మళ్లీ ఇచ్చినందుకు ఆమెను కూర్చోబెట్టి కాఫీ పెట్టిచ్చాను.

రోజూ పొద్దున వంట కాగానే ఒక పాఠం చూసి, పాత పేపరు మీద గీసుకునేదాన్ని. కొన్నాళ్లకు ఆది జాకెట్టు లేకుండా ఒంటి కొలతలతోనే కత్తిరించడం వచ్చింది. ఒకసారి భుజాల దగ్గర ముడత పోక, నేను గీసిన కాగితం ఫోటో తీసి, వీడియో కింద ఇచ్చిన నంబరుకు, ఆ పాఠాలు చెప్పే ఆవిడకే పంపాను. జవాబొస్తుందనుకోలేదు. రెండో రోజు ఆమె గొంతుతోనే వాయిస్ మెసేజీ వచ్చింది.

"బాగా గీశారమ్మా. భుజం దగ్గర ఒక్క పావించి వాలు పెంచండి, సరిపోతుంది."

సరిపోయింది. ఆమెది ఏ ఊరో, ఎలా ఉంటుందో నాకు తెలియదు. నా గీత చూసి బాగుందన్న మొదటి మనిషి ఆమె. ఆ రోజు పనంతా పక్కన పెట్టి టీచరమ్మ ఇంటికి నడిచివెళ్లి, ఆ మాటలు ఆమెకు వినిపించి వచ్చాను.