అత్తమ్మ చేతి మీద పడిన దెబ్బ

పెళ్లయిన కొత్తలో నాకున్న భయభక్తుల్లో ఇప్పుడు పావు వంతైనా మిగల్లేదు. ఆ రోజుల్లో అత్తమ్మ ఎదురుగా తుమ్మాలన్నా మొహమాటపడేదాన్ని. నాచారంలో నేను పనిచేసే ఆంప్లిఫయర్ల రిపేరు షాపులో మాత్రం నాది వేరే అవతారం. స్క్రూడ్రైవర్ చేతికొస్తే ఎవరినీ లెక్కచేసేదాన్ని కాదు. మా సారుది ఒకటే చాదస్తం, పెట్టె మూత తీసే ముందు ఒంటి మీద బంగారం గట్రా ఉండకూడదు. "కరెంటుకు కొత్త పెళ్లికూతురని జాలుంటదా?" అనేవాడు. అందుకని రోజూ నా పెళ్లి ఉంగరం తీసి టిఫిన్ డబ్బాలో వేసుకునేదాన్ని. అత్తమ్మ తన కమ్మలు కరిగించి నాకోసం చేయించిన ఉంగరం అది.

ఒక బుధవారం పొద్దున ఉప్పల్‌లోని మా చర్చి ఆంప్లిఫయర్ రిపేరుకు వచ్చింది. (ప్రసంగం కన్నా దాని గుర్రు ఎక్కువగా వినబడుతోందని ఫిర్యాదు. కొందరికి అదే నయమనిపించిందట.) తెలిసినవాళ్ల పని కదా అన్న తొందరలో, మూత తీశాక గానీ వేలికి ఉంగరం ఉన్న సంగతి గుర్తు రాలేదు. డబ్బా దాకా వెళ్లడానికి బద్ధకం. లోపల ట్రాన్స్‌ఫార్మర్ మధ్యలో వేలంత బోల్టు నిటారుగా కనబడితే, ఉంగరం తీసి దానికి తొడిగేశాను. ఆ పైన పని ముగించి, మూత బిగించి, పెట్టెను పంపించేశాను కూడా.

మధ్యాహ్నం అన్నం కలుపుతుంటే వేలు బోసిగా కనబడింది. ముద్ద డబ్బాలోనే వదిలేసి లేచాను. ఉంగరం జారి తీగల మధ్య పడితే ఆంప్లిఫయరూ కాలిపోతుంది, అత్తమ్మ కమ్మలూ రెండోసారి కరుగుతాయి. పైగా ఆ వేళ చర్చిలో స్త్రీల కూడిక, మైకు పక్కనే కూర్చునేది మా అత్తమ్మ. స్కూటీ మీద హబ్సిగూడ ఎలా దాటానో దేవుడికే తెలియాలి. ఆయన కూడా కళ్లు మూసుకునే ఉంటాడు.

నేను చేరేసరికి ప్రార్థన జోరు మీదుంది. వంగి వంగి వెళ్లి ప్లగ్గు పీకేశాను. పాస్టరమ్మ గొంతు మధ్యలో తెగిపోయింది. (ఇదే సందని అందరూ గబుక్కున ఆమేన్ అనేశారు.)

"ఏందమ్మా, ఏమైంది?" అంటూ అత్తమ్మ దగ్గరికొచ్చింది. అప్పటికే మూత తీశాను. ఉంగరం బోల్టుకే ఉంది.

"అయ్యో, గిది నేను జేయించిన ఉంగరమే గదా! గీడికెట్ల వచ్చింది?" అని ఆమె చెయ్యి నేరుగా లోపలికి పోయింది. పక్కనే రెండు పెద్ద కెపాసిటర్లు. ప్లగ్గు పీకినా వాటిలో కరెంటు నిలిచే ఉంటుంది, ఒక్కోసారి మనిషిని పడేసేంత.

ఫట్‌మని కొట్టాను. అత్తమ్మ చేతి మీద, అంతమంది ఆడవాళ్ల ముందు.

నా పనిముట్ల సంచీలోంచి తీగలున్న బల్బు తీసి, ఆ తీగల కొసలు కెపాసిటర్లకు ఆనించాను. ప్లగ్గే లేని పెట్టె మీద బల్బు వెలిగి, మెల్లగా మసకబారి ఆరిపోయింది. "ఓ యేసయ్యా!" అంది వెనక ఎవరో. మీటరు పెట్టి, కరెంటు మిగల్లేదని చూసుకుని ఉంగరం తీశాను. అది వేలికి తొడుక్కుని మూత బిగించాను.

సాయంత్రం అత్తమ్మ నా స్కూటీ వెనకే కూర్చుని ఇంటికి బయల్దేరింది. దారంతా నేను పుట్టింటికి వెళ్లే బస్సు నంబర్లు గుర్తు చేసుకుంటున్నాను. ఇంటి ముందు దిగి, ఆమె చెయ్యి రుద్దుకుంటూ, "మస్తు గట్టిగ కొట్టినవ్" అంది.

"తప్పైంది అత్తమ్మా."

"తప్పేం గాదు. మళ్ల గిట్లయితే జర గూడ ఆలోచించకు, కొట్టు."

నిజానికి ఆ రోజు ఒక్క క్షణం ఆలోచించినా నాకు చెయ్యి లేచేది కాదు. ఇప్పుడు ప్రతిదానికీ పదిసార్లు ఆలోచిస్తున్నాను. అప్పటి ఆ కొత్త కోడలు వెర్రిబాగుల పిల్లే గానీ, అప్పుడప్పుడు ఆమె మీద నాకు బెంగగా ఉంటుంది.