మూడు తాళాల కొట్టు

నిన్న మా తెల్లాపూర్ అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి ఒక కాగితం తెచ్చాడు. ఇకపై సంఘం నిర్ణయాలన్నీ ఆయనొక్కడే తీసుకోవడానికి మేము ఒప్పుకోవాలి. "ఈ మోకాళ్ల నొప్పులతో మీటింగులకు మీరెందుకండీ రావడం? అన్నీ నేను చూసుకుంటానుగా" అన్నాడు. ఎంత తియ్యటి మాట! ఇదే మాట ఇదివరకు ఒకసారి విన్నాను. ఎప్పుడో కూడా చెప్పగలను: పోలీసు చర్యకు ముందటి చలికాలం. నాకు తొమ్మిదేళ్లు నిండి నాలుగో నెల.

ఇప్పుడు అద్దాల మేడలున్న ఈ దిక్కంతా అప్పుడు ఆముదపు చేలు. మా ఊరంతా కలిసి ఒక గానుగ పెట్టుకుంది. ఇంటింటి గింజలూ ఒకే కుప్పగా పోసి ఆడించేవాళ్లు. పీపాలు బండ్ల మీద లింగంపల్లి స్టేషనుకు, అక్కణ్ణుంచి బొంబాయికి, ఓడెక్కి ఇంగ్లీషు సీమకు పోయేవి. సీమలో యంత్రాలు మా ఆముదంతోనే తిరుగుతాయని నాన్నమ్మ గొప్ప. యంత్రమంటే ఎలా ఉంటుందో ఆమె ఎన్నడూ చూడలేదు. నూనె దాచే కొట్టుకు మూడు తాళాలు. ఒక తాళంచెవి ఊరి పటేలు దగ్గర, ఒకటి ఆడవాళ్ల తరఫున నాన్నమ్మ దగ్గర, ఒకటి గానుగ నడిపే పెద్దయ్య అనే ఆయన దగ్గర. ముగ్గురూ వచ్చి, వేలు ముంచి వాసన చూసి, సరే అంటేనే పీపాకు మూత పడేది. ఒకరికి జ్వరమొస్తే బండ్లు ఆగేవి, బండివాళ్లు తిట్టుకునేవాళ్లు.

ఒకనాడు పటేలు, ఎప్పుడూ "అరేయ్" అని పిలిచే పెద్దయ్యను మంచం మీద తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "అన్నా, గీ చలిల మీరు నడిచొచ్చుడెందుకు? చెవులు నా తాన ఉంచుండ్రి. ఫికర్ వద్దు." ఆ 'అన్నా'కు పెద్దయ్య మొలతాడుకున్న చెవి విప్పి ఇచ్చేశాడు. "ఆయనిచ్చినంక నేనొక్కదాన్ని ఇయ్యనంటే మంచిగుంటదా?" అంటూ నాన్నమ్మా ఇచ్చింది.

మాఘం దాటకముందే పీపాలు బొంబాయి నుంచి వెనక్కి వచ్చాయి. ఆముదంలో చవక నూనె కలిసిందట. ఇక మా ఊరి సరుకు ముట్టనన్నాడు బొంబాయి షావుకారు. కొట్టు ముందు ఊరంతా చేరింది.

"ఎవరు కలిపిన్రు పటేలా?" అంది నాన్నమ్మ.

"నన్నడుగుతవేందమ్మా? చెవులు మీరే ఇస్తిరి గద."

ఆ గొంతులో కోపం కూడా లేదు. మూలపడ్డ గానుగను ఎండాకాలానికి ఆయనే చవగ్గా కొన్నాడు. పెద్దయ్య మళ్లీ "అరేయ్" అయ్యాడు, అదే గానుగ దగ్గర కూలికి.

నిన్నటి కాగితం మీద నేను సంతకం పెట్టలేదు. మిగతా ఇళ్లన్నీ పెట్టేశాయట. కార్యదర్శి ఏమీ అనుకోలేదు. మోకాళ్లకు ఆముదం రాయమని సలహా ఇచ్చి వెళ్లాడు. డెబ్బై ఏళ్లు దాటిపోయాయి. మన చేతిలోది కావాలనుకున్నవాడు ఇప్పటికీ ముందు మన కాళ్ల మీదే జాలిపడతాడు.