తలంబ్రాల పరీక్ష

ఓబులేసన్న తెచ్చిన పాత సర్వర్ ప్రాసెసర్ ఆ రోజు పోటీలో ఓడిపోలేదు. ఓడిపోయేట్టు చేసింది నేను. తెలిసి చేయలేదు కానీ, తెలిసిన తర్వాత కూడా నోరు విప్పలేదు. ఈమధ్య గిద్దలూరులో ఒక కేబుల్ ఆఫీసు ముందు, ఎండ తగ్గేదాకా నీడకు నిలబడి ఉన్నాను. లోపల ఎవరో పెద్ద మిషన్ ఒకటి ఆన్ చేశారు. ఫ్యాన్లు ఒక్కసారిగా హోరుమని లేచి, ఆయాసం తీరిన మనిషి ఊపిరిలా మెల్లగా సన్నబడ్డాయి. ఆ హోరు నాకు తెలుసు. కళ్లు మూసుకున్నాను. వీధీ, ఎండా, ఆటోల హారన్లూ దూరంగా జరిగిపోయి, మార్కాపురంలో మా మేడ మీది గది నా చుట్టూ వచ్చి నిలబడింది. కిటికీ సందులోంచి పడే వెలుగులో తేలే పలకరాయి దుమ్ము, తెర మీద గాలిలో ఆగిపోయిన తలంబ్రాలు, వాటినే చూస్తూ గడ్డం కింద చేయి పెట్టుకుని కూర్చున్న ఓబులేసన్న.

ఆయనది రాచర్ల పక్కన పల్లె. ఇంట్లో గొర్రెలు, మేకలు, కాస్త మెట్ట చేను. చిన్నప్పటి నుంచి సంతలో జీవాలను ఎంచి ఎంచి, దేన్ని చూసినా తొందరపడకుండా చుట్టూ తిరిగి చూడటం ఆయనకు అలవాటైపోయింది. తర్వాత కెమెరా పట్టాడు, మార్కాపురంలో పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే దుకాణం పెట్టాడు. డిగ్రీ తప్పి ఊరికే తిరుగుతున్న నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పాడు. కంభం నుంచి పామూరు దాకా స్టూడియోలవాళ్లు కెమెరా కొనాలన్నా, కంప్యూటర్ కొనాలన్నా ముందు ఆయన్నే అడిగేవాళ్లు. "ఓబులేసన్న చూసినాడా?" అన్నది మా పక్క ఒక ముద్రలాంటి మాట.

మిషన్‌ను పరీక్షించడానికి ఆయనకు ఒక సొంత పద్ధతి ఉండేది. రాచర్లలో తీసిన ఒక పెళ్లి, అందులో తలంబ్రాలు పోసుకునే ముక్క. ఏ కంప్యూటర్ వచ్చినా ఆ ముక్కే పెట్టి, వీడియోగా కట్టి ఇమ్మనేవాడు. గాలిలో లెక్కలేనన్ని గింజలు, ఒక్కోటి ఒక్కో దారిన పడుతుంటాయి. ప్రతి గింజనూ మిషన్ వేరుగా పట్టుకోవాలి. చేతకానిది గింజలన్నిటినీ కలిపి పసుపు మరక చేసేస్తుంది, లేదా పెళ్లికూతురి చేతులు పైకి లేచిన చోటే మొరాయించి కూర్చుంటుంది. "అమ్మేటోడు అట్టపెట్టె మీద ఏమన్నా రాసుకుంటాడ్రా కేశవా. మన పెండ్లి పెట్టి చూడు, అప్పుడు తెలుస్తాది దాని సంగతి" అనేవాడు. ఆ మధ్యాహ్నాలు నాకు ఇప్పటికీ కలలోకి వస్తాయి. బయట వడగాలి, లోపల మగత. తెర మీద పసుపు బియ్యం ఒక్కో గింజే, ఏ తొందరా లేకుండా, ఎవరి తల మీదికో దిగి వస్తూ ఉంటుంది.

పాత సర్వర్‌ను ఆయన హైదరాబాదు నుంచి తెప్పించాడు. ఏదో పెద్ద ఆఫీసు వాడి పక్కన పెట్టేసిన మిషన్. లోపల రెండు ప్రాసెసర్లు. దాన్ని మేడ మీదికి ఎక్కించి ఆన్ చేయగానే, ఎదురు స్టూడియో సుధాకర్ ఆ హోరు విని మెట్లెక్కి వచ్చాడు.

"ఏందన్నా ఇది, కంప్యూటరా పిండిమరా?"

"పిండిమరే అనుకో. నువ్వు తలంబ్రాలు తీసుకురా, ఆడించి ఇస్తాది" అన్నాడు ఓబులేసన్న.

సుధాకర్ వెళ్లాక నేనూ సణిగాను. కొత్త డెస్క్‌టాప్ ప్రాసెసర్ కొంటే పోయేదానికి ఈ తుక్కు ఎందుకన్నాను. ఆయన కోపం చేసుకోలేదు. "కొత్తది చురుకైన మనిషి లాంటిదిరా. ఒక్కడే బండెక్కి పోయి ఊరంతా పెండ్లికి పిలిచొస్తాడు. ఇది మిరప కోత ముఠా. ఒక్కొక్కరు మెల్లగనే కోస్తారు గానీ, అందరూ కలిసి దిగితే పొద్దు వాలేసరికి చేను ఖాళీ. ఏ పనికి ఏది కావాల్నో మనం తెలుసుకోవాల. మనిషిని తప్పు పనికి పెట్టి సోమరి అనగూడదు." తలంబ్రాలు పెట్టాడు. ముఠా నిజంగానే చేను కోసేసింది. ఆయన ముఖంలో సంతలో మంచి పొట్టేలు దొరికినప్పటి తృప్తి కనిపించింది.

ఎండాకాలం వచ్చింది. కరెంటు పోయినప్పుడల్లా ఆ మిషన్ బరువు మోయలేక ఇన్వర్టర్ కీచుమని మొత్తుకునేది. ఒక మధ్యాహ్నం ఓబులేసన్న పెళ్లికి పోయి ఉన్నాడు. నేను మిషన్ మొదలయ్యేటప్పుడు వచ్చే సెట్టింగుల నీలం తెరలోకి పోయి, ప్రాసెసర్లలో ముఠా కూలీల్లా పనిచేసే కోర్లలో సగం ఆపేశాను. ఇన్వర్టర్ మూలుగు ఆగింది. పని గడిచింది. ముహూర్తాల వేడిలో ఆ సంగతి ఆయనకు చెప్పడమే కాదు, నేనూ మరిచిపోయాను.

తర్వాత నా పోరు పడలేక కొత్త డెస్క్‌టాప్ ప్రాసెసర్‌తో ఒక మిషన్ తెప్పించాడు. "నలుగురినీ పిలువు. రెండూ పక్కపక్కన పెడదాం. ఏ పనికి ఏది గెలుస్తాదో అందరికీ తెలియనీ" అన్నాడు. గది నిండా స్టూడియోలవాళ్లు చేరారు. టీలు వచ్చాయి. ముక్కలు కత్తిరించి అతికించే పనిలో కొత్తది ముందుంది. అది ఆయన ముందే చెప్పాడు. తర్వాత తలంబ్రాలు పెట్టాం. కొత్త తెర మీద గింజలు నేల చేరిపోయాయి. పాత తెర మీద ఇంకా గాలిలోనే వేలాడుతున్నాయి. పెళ్లికూతురి చేతులు పైకెత్తినట్టే ఉన్నాయి. పాతది హోరుమంటూనే ఉంది.

"మొదట్లో ఇంకా తొందరగ చేసినట్లుండెనే" అన్నాడు ఓబులేసన్న, తనలో తాను అనుకున్నట్టు.

"పాత సంగతులు అట్లనే తియ్యగ ఉంటాయి లేన్నా" అన్నాడు సుధాకర్. అందరూ నవ్వారు. "తుక్కును చూసి పొట్టేలనుకున్నాడు" అని వెనక నుంచి ఇంకెవరో అన్నారు. నేను గెలిచిన మిషన్ పక్కన నిలబడి ఉన్నాను. నాకూ నవ్వొచ్చింది. నవ్వాను.

పాత మిషన్‌ను తీసుకుపోతానని పామూరు నుంచి ఒకతను అడిగాడు. ఇచ్చే ముందు మా ఫైళ్లు తుడిచేద్దామని నేనొక్కణ్నే కూర్చుని నీలం తెర తెరిచాను. సగం కోర్లు ఆగి ఉన్నాయి. అన్నిటినీ లేపి తలంబ్రాలు పెట్టాను. గింజలు వాన పడినట్టు పడ్డాయి, కొత్తదాని కంటే ముందే. ఆ వాన ఆగిపోయాక కూడా నేను తెర వంక చూస్తూనే ఉన్నాను. అప్పుడే కింద దుకాణంలో ఓబులేసన్న ఎవరితోనో మాట్లాడుతున్నాడు. మెట్లు దిగితే చాలు. దిగలేదు. అప్పటికే కంభం నుంచి ఒకతను ఏ కంప్యూటర్ కొనాలో అడగడానికి నాకు ఫోన్ చేసి ఉన్నాడు. ఆయనకు కాదు, నాకు. ఆ రుచి మరిగాను.

ఆయన మెల్లమెల్లగా మేడ ఎక్కడం మానేశాడు. ఎవరైనా సలహా అడిగితే "నా కన్ను మసకేసిందప్పా, కేశవున్ని అడుగు" అనేవాడు. చివరికి దుకాణం నా చేతిలో పెట్టి రాచర్ల పోయి జీవాలు చూసుకున్నాడు. నేను ఎదిగాను. ఎదిగినదంతా ఆయన ఇచ్చిన కన్నుతోనే. ఈనాటికీ నా దగ్గరికి ఏ మిషన్ వచ్చినా ఆ పెళ్లి ముక్కే పెడతాను. ఒక మనిషిని చేతకానివాడని అనబోయే ముందు, వాడిలో ఏ సగం ఎవరు ఆపేశారో అని ఒక్క క్షణం ఆగుతాను. ఆయన నేర్పింది అదే. ఆయన విషయంలోనే నేను పాటించనిదీ అదే.

గిద్దలూరులో ఆ హోరు విన్న రోజే రాచర్ల బస్సెక్కాను. ఆయన కంచె పక్కన, గొర్రెల మధ్య కూర్చుని ఉన్నాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. చెప్పాను, నీలం తెర నుంచి మొదలుపెట్టి పామూరు దాకా. చెబుతున్నంతసేపూ ఒక గొర్రెపిల్ల చెవి నిమురుతూ ఉన్నాడు.

"అయితే నా కన్ను బాగానే ఉన్నిందా?" అన్నాడు చివరికి.

"బాగానే ఉన్నిందన్నా."

"సంతకు పోతే పొట్టేలును మా తమ్మున్నే ఎంచమంటి, ఇన్నేండ్లూ. నాకు తెలియదులేరా, నువ్వే చూడు అని." దూరంగా మిట్ట మీద ఎండ వణుకుతోంది. నేను కాళ్ల మీద పడబోతే భుజం పట్టి ఆపాడు. "నాకు చెప్పేదేముందిరా ఈడ, గొర్రెల ముందర? నలుగురిలో పోయింది. నలుగురిలోనే రావాల."

పోయిన ఆదివారం కంభంలో ఫొటోగ్రాఫర్ల మీటింగ్ జరిగింది. ఆయన్ను నేనే తీసుకుపోయాను. వద్దన్నా వినకుండా వెనక వరుసలో కూర్చున్నాడు. సుధాకర్ ముందు వరుసలో ఉన్నాడు, తల నెరిసి. నా వంతు వచ్చినప్పుడు మైకు పట్టుకున్నాను. ఆ పరీక్ష రోజు గదిలో ఉన్నవాళ్ల ముఖాలు వెతికి, ఒక్కొక్కరినీ చూసి, అప్పుడు వెనక వరుస వైపు తిరిగాను.

"ఓబులేసన్నా, ఆ పొద్దు నీ మిషన్‌లో సగం పడుకోబెట్టింది నేను. చేసి మర్సిపోయినా. తెలిసినాక దాసిపెట్టినా. వీళ్లంతా నిన్ను చూసి నవ్వినప్పుడు నేను గూడ నవ్వినా. నీ కన్ను ఎప్పుడూ తప్పు చూడలేదన్నా. నన్ను మన్నించు."